ఆ పెంకు తీసి పారేయకండి: చెర్రీ రొయ్యల పెంపకంపై పాఠకుల ప్రశ్నలు

గత నెల ఇంటి అక్వేరియంలో చెర్రీ రొయ్యలు పెంచడం గురించి రాశాక వచ్చిన ఉత్తరాలన్నీ కూర్చుని చదివాను. పెంచేవాళ్లు వీటిని ప్రాణంగా చూసుకుంటున్నారు, కానీ పోయిన రొయ్యల్లో ఎక్కువ భాగం మనం ఏమీ చేయకుండా ఉండాల్సిన చోట ఏదో ఒకటి చేయబట్టే పోయాయని నాకు అనిపించింది. అందుకే ఈసారి చోటంతా మీ ప్రశ్నలకే.

ప్రశ్న: నెలన్నర క్రితం 40 లీటర్ల ట్యాంకు పెట్టి వెంటనే 20 ఎర్ర చెర్రీ రొయ్యలు వేశాను. మొదటి వారం హుషారుగా తిరిగాయి. తర్వాత రెండు మూడు రోజులకొకటి చొప్పున పోయి ఇప్పుడు 8 మిగిలాయి. పోయిన వాటికి తల వెనక చుట్టూ తెల్లటి గీత కనిపిస్తోంది. నీళ్లు మంచివే, మా అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉంది, టీడీఎస్ 640. ఒకటి పోయిన ప్రతిసారీ సగం నీళ్లు మారుస్తున్నాను. ఇంకేం చేయాలి? (కూకట్‌పల్లి, హైదరాబాద్)

జవాబు: మీ ఉత్తరంలోనే జవాబు ఉందండీ. ఒకటి ఆ తెల్ల గీత, రెండోది సాఫ్ట్‌నర్ ప్లాంట్.

రొయ్య ఒళ్లు పెరుగుతుంది కానీ పైనున్న పెంకు పెరగదు, అందుకని పెద్ద రొయ్య మూడు నాలుగు వారాలకోసారి, పిల్ల రొయ్య అంతకంటే తరచుగా, పాత పెంకు విడిచి బయటికొస్తుంది. అన్నీ బాగుంటే తల వెనక వీపు మీద చిన్న చీలిక పడుతుంది, అందులోంచి ఒక్క కుదుపుతో దూకేస్తుంది, కళ్లార్పేలోపు అయిపోతుంది. పెంకు సరిగ్గా తయారవనప్పుడు ఆ చీలిక వీపు దగ్గర ఆగకుండా ఉంగరంలా చుట్టూ తిరిగేస్తుంది, ఇక రొయ్య ముందుకూ రాలేదు, వెనక్కీ పోలేదు. మీకు కనిపించిన గీత అదే.

ఇప్పుడు సాఫ్ట్‌నర్ సంగతి. బోరు నీళ్లలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం లాగేసి వాటి బదులు సోడియం వదలడమే దాని పని, ప్లాంట్‌లో ఉప్పు బస్తాలు పోస్తుంటారే, అది అందుకే. మనకు మంచిదే, సబ్బు నురగ వస్తుంది, గీజర్‌లో గార కట్టదు. రొయ్యకు మాత్రం పెంకు కట్టుకోవడానికి కావాల్సిన రెండు ఖనిజాలూ ఆ నీళ్లలోంచి పోయినట్టే. టీడీఎస్ మీటర్‌కు ఈ తేడా తెలియదు, నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఒక అంకె చూపిస్తుందంతే, కాబట్టి మీ 640లో కాల్షియం దాదాపు సున్నా అయినా ఆశ్చర్యం లేదు. ఈ వారమే జీహెచ్ (నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కలిపి ఎంతున్నాయో చెప్పే అంకె) టెస్ట్ కిట్ ఒకటి కొనండి, చుక్కలు లెక్కపెట్టే రకం. చెర్రీ రొయ్యలకు జీహెచ్ 6 నుంచి 10 దాకా ఉంటే హాయిగా బతుకుతాయి. మీ నీళ్లకు ఒకటో రెండో వచ్చిందంటే దొంగ దొరికినట్టే.

ప్లాంబర్‌ని అడిగి సాఫ్ట్‌నర్‌కు ముందు, బోరు నుంచి నేరుగా వచ్చే కుళాయి ఎక్కడుందో కనుక్కోండి. ఆ నీళ్లలో ఖనిజాలు మరీ ఎక్కువ ఉంటాయి కాబట్టి ఆర్వో నీళ్లతో కలపాలి. ఉదాహరణకు బోరు టీడీఎస్ 900, ఆర్వోది 30 ఉందనుకోండి, ఒక వంతు బోరు నీళ్లకు మూడు వంతుల ఆర్వో కలిపితే దాదాపు 250 వస్తుంది, అది చెర్రీలకు బాగా సరిపోతుంది. కలిపాక జీహెచ్ మళ్లీ ఒకసారి చూసుకోండి. బోరు నీళ్లు దొరక్కపోతే ఆర్వో నీళ్లలో రొయ్యల కోసమే అమ్మే మినరల్ పొడి కలుపుకోవచ్చు, ఖర్చు కొంచెం ఎక్కువ కానీ ఏ నెలా తేడా రాదు.

ఇక సగం నీళ్లు మార్చడం దయచేసి ఆపేయండి. నీళ్ల గుణం ఒక్కసారిగా మారితే రొయ్యలు టైం రాకముందే పెంకు విడవడానికి ప్రయత్నిస్తాయి, అసలే పెంకు బలంగా లేదు, అంటే ఒకటి పోయిందన్న బాధతో మీరు చేస్తున్న పనే ఇంకోదాన్ని తీసుకెళ్తోంది. వారానికి నాలుగు లీటర్లు చాలు, అదీ సన్నటి ఎయిర్ పైపుకు ముడి వేసి చుక్కలు చుక్కలుగా వదలండి, కొన్ని నెలల్లో నీళ్లు మెల్లగా మారిపోతాయి.

ట్యాంకు పెట్టిన రోజే రొయ్యలు వేయడం కూడా తొందరపాటే. వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని మళ్లీ నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్పాంజ్ ఫిల్టర్‌లో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, రొయ్యలు అమ్మోనియాను చేపలంత కూడా తట్టుకోలేవు. మీ ట్యాంకు ఇప్పుడిప్పుడే కుదురుకుంటోంది కాబట్టి మిగిలిన 8 కోలుకునేదాకా కొత్తవి కొనకండి. వాటిలో ఆడవి రెండు మూడున్నా కొనే అవసరమే రాదు.

ప్రశ్న: మొన్న ట్యాంకు అడుగున ఒకటి చచ్చి పడుంటే తీసి పారేశాను. సాయంత్రం లెక్కపెడితే అన్నీ ఉన్నాయి! (నిజామాబాద్)

జవాబు: మీరు పారేసింది పెంకు. గాజులా తేలిగ్గా, లోపల ఖాళీగా ఉంటే అది విడిచిన పెంకు, నిజంగా చచ్చిపోయిన రొయ్య ఉడికించినట్టు గులాబీ రంగులోకి తిరిగి మసకగా ఉంటుంది. పెంకును అలాగే వదిలేయండి, కొద్ది రోజుల్లో అవే కొరుక్కు తిని అందులోని కాల్షియం తిరిగి తీసుకుంటాయి.

ప్రశ్న: ఏడాదిగా చెర్రీలు పెంచుతున్నాను, వందకు పైగా అయ్యాయి. పోయిన వారం ఒక్క రాత్రిలో అరవై దాకా పోయాయి, మిగిలినవి వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి. నీళ్లు మార్చలేదు, మందులు వేయలేదు, కొత్త మొక్కలు పెట్టలేదు. అదే ట్యాంకులో ఉన్న గప్పీలు మాత్రం బాగానే ఉన్నాయి. వానలు మొదలయ్యాక దోమలు తప్ప ఇంట్లో కొత్తగా వచ్చిందేమీ లేదు. రెండు రోజులుగా నిద్ర పట్టడం లేదు. (విజయవాడ)

జవాబు: అమ్మా, ఆ బాధ నాకు తెలుసు. మీరు దోమలన్న చోటే నా అనుమానం కూడా ఆగింది. దోమలు వచ్చాయంటే హాల్లో లిక్విడ్ మెషీన్ పెట్టి ఉంటారు, లేదా కాయిల్ వెలిగించి ఉంటారు. వాటిలో ఉండే పైరెథ్రాయిడ్ మందులు పురుగుల నరాల మీద పని చేస్తాయి, రొయ్య కూడా పురుగులకు దగ్గర చుట్టమే కాబట్టి చేపను ఏమీ చేయని మోతాదు కూడా దాన్ని చంపేస్తుంది. గప్పీలు బతికి రొయ్యలు పోవడం, వెల్లకిలా పడి కొట్టుకోవడం, రెండూ దానికే సరిపోతున్నాయి. పైగా మన ఎయిర్ పంపు చేసేదే గదిలో గాలి లాగి నీళ్లలోకి కొట్టడం. మెషీన్ పక్క గదిలో ఉన్నా తలుపు తెరిచి ఉంటే రాత్రంతా ఆ మందు సన్నగా ట్యాంకులోకి పోతూనే ఉంటుంది.

పైన కూకట్‌పల్లి పాఠకుడికి నీళ్లు ఎక్కువ మార్చొద్దని చెప్పాను, మీకు మాత్రం మార్చమనే చెబుతాను, ఎందుకంటే విషం లోపల ఉంది. ట్యాంకు నీళ్ల లాంటి నీళ్లే, అదే వేడి, అదే టీడీఎస్ ఉన్నవి, ఈ రోజే మూడో వంతు మార్చండి, రేపు మళ్లీ మూడో వంతు. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ సంచి ఒకటి పెట్టండి. పంపును బయటి గాలి వచ్చే బాల్కనీ వైపు జరిపి పైపు పొడుగు చేసుకోండి. ట్యాంకు ఉన్న గదిలో ఇకమీదట దోమతెర, కిటికీలకు మెష్, అంతే.

ఒకవేళ మెషీన్ వాడలేదంటే ఇంకో మాట అడుగుతాను. ఆవిరైన నీళ్ల బదులు రాగి బిందెలో నీళ్లు ఎవరైనా పోశారా? రాత్రి రాగి బిందెలో పెట్టి పొద్దున్నే తాగే అలవాటు మన ఇళ్లలో ఎక్కువ, పెద్దవాళ్లు మంచిదనే ఉద్దేశంతో ఆ నీళ్లే ట్యాంకులోనూ పోస్తారు. రాగి రొయ్యలకు విషం. చేపలకు వాడే మందుల్లో కూడా కొన్నింటిలో రాగి ఉంటుంది, సీసా మీద చదవకుండా వేయొద్దు. నేను మొదటి ట్యాంకును పోగొట్టుకున్నది వంటింట్లో బొద్దింకల మందు కొట్టి, చేతులు పైపైన కడుక్కుని, మాస్ (నీళ్లలో పెరిగే నాచు లాంటి మొక్క) సర్దుదామని నీళ్లలో చెయ్యి పెట్టినప్పుడు. తొమ్మిదేళ్లయినా ఇప్పటికీ ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు మోచేతుల దాకా వట్టి నీళ్లతో కడుక్కుంటాను.

ప్రశ్న: మాకు వెనామీ రొయ్యల చెరువులున్నాయి, సీడ్ హేచరీ నుంచి తెచ్చుకుంటాం. మా అమ్మాయి సరదా పడిందని ఇంట్లో చెర్రీ రొయ్యలు పెట్టాను. వీటికి గుడ్లు పెట్టించాలంటే ఉప్పు నీళ్లు, వేరే ట్యాంకు కావాలా? చెరువు మేత వేయొచ్చా? (భీమవరం దగ్గర పల్లె)

జవాబు: మీకు తెలిసిన రొయ్యకూ దీనికీ పిల్లల దగ్గరే తేడా అంతా. వెనామీ తల్లి లక్షకు పైగా గుడ్లు నీళ్లలోకి వదిలేస్తుంది, నాప్లీ, జోయా, మైసిస్ అనే లార్వా దశలు దాటి పీఎల్ (చెరువులో వేసే పిల్ల రొయ్య) అయ్యేదాకా ఉప్పు నీళ్లలో కంటికి రెప్పలా చూడాలి, హేచరీ లేకపోతే కుదరదు. చెర్రీ తల్లి పెట్టేది ఇరవై ముప్పై గుడ్లే, వాటిని కడుపు కింద ఈత కాళ్లకు అంటించుకుని, పొదిగే కోడి లాగా, పిల్లలు వచ్చేదాకా తనతోనే మోస్తుంది. మధ్యలో లార్వా దశ లేదు. గుడ్డులోంచి వచ్చేటప్పటికే రెండు మిల్లీమీటర్ల బుల్లి రొయ్య, మీసాలతో సహా. ఉప్పు అక్కర్లేదు, వేరే ట్యాంకు అక్కర్లేదు.

మీ అమ్మాయికి ఇది చూపించండి. ఆడ రొయ్య తల వెనక, వీపు మీద, పసుపుగానో ఆకుపచ్చగానో ఒక మచ్చ జీను వేసినట్టు కనిపిస్తుంది, అవి ఇంకా అండాశయంలో ఉన్న గుడ్లు. ఆడది పెంకు విడవగానే నీళ్లలోకి ఒక వాసన వదులుతుంది, అంతే, ట్యాంకులోని మగవన్నీ పిచ్చెక్కినట్టు ఈ గోడ నుంచి ఆ గోడకు ఈదుతాయి. మొదటిసారి చూసినవాళ్లు నీళ్లు పాడయ్యాయేమోనని టెన్షన్ పడతారు, మిగతావి ప్రశాంతంగా మేస్తూ ఉంటే అక్కర్లేదు. మర్నాటికి గుడ్లు వీపు మీద నుంచి కడుపు కిందికి దిగుతాయి, తల్లి ఆగకుండా ఆ చిన్న కాళ్లు ఊపుతూ వాటికి గాలి ఆడేలా చేస్తుంది. 24, 25 డిగ్రీల దగ్గర దాదాపు నెల, వేడి ఎక్కువైతే కొంచెం ముందే. చివరి వారంలో భూతద్దం పెట్టి చూస్తే ఒక్కో గుడ్డులో రెండు నల్ల చుక్కలు కనిపిస్తాయి, అవి పిల్లల కళ్లు. మొదటిసారి తల్లి అయినవి కొన్ని గుడ్లు జారవిడుస్తాయి, రెండోసారికి వాటికే అలవాటవుతుంది.

పిల్లలకు మేత వెతికి తేనక్కర్లేదు, మాస్ మీద, చెక్క మీద, పాత ఆకుల మీద పట్టే జిగురు పొరే వాటి తిండి, అందుకే కడిగి తళతళలాడించిన ట్యాంకులో పిల్లలు నిలవవు. మీ వీధిలో బాదం చెట్టు ఉండే ఉంటుంది, వంటల్లో వేసే బాదం కాదు, ఎర్రబడి రాలే పెద్ద ఆకులది. రాలి ఎండిన ఆకు ఒకటి కడిగి వేయండి, మెత్తబడ్డాక రొయ్యలన్నీ దాని మీదే ఉంటాయి, చివరికి ఈనెలు మాత్రం వలలా మిగులుతాయి. ఫిల్టర్ మాత్రం స్పాంజ్‌దే ఉండాలి, లేకపోతే పిల్లలు లోపలికి పోతాయి.

మేత సంగతి మీకు నేను చెప్పేదేముంది, మేత ఎంత తిన్నాయో చెక్ ట్రే పెట్టి చూసే అలవాటు మీకుంది కదా, ఇక్కడా అదే పద్ధతి. చిన్న గాజు గిన్నె అడుగున పెట్టి అందులో ఉడికించిన పాలకూర ముక్కో, గుమ్మడి ముక్కో, రొయ్యల మేత గింజో వేయండి, రెండు మూడు గంటల్లో అయిపోనిది తీసేయండి. వారానికి రెండు మూడు సార్లు చాలు. కూరగాయలు బాగా కడిగి ఉడికించాకే వేయాలి, పురుగుమందు భయం ఉంది. చెరువు మేత మాత్రం వద్దు, అందులో మీరు కలిపే మందులు, మినరల్స్ మోతాదు చెరువుకు తగ్గట్టు ఉంటుంది, మాంసకృత్తులు కూడా వీటికి మరీ ఎక్కువ.

అన్నిటికంటే ముఖ్యంగా, చెరువులో వాడిన వల, బకెట్, చెరువు నీళ్లు ఈ ట్యాంకు దగ్గరికి రానివ్వకండి, ట్యాంకు నీళ్లు చెరువు వైపు పోనివ్వకండి. వైట్ స్పాట్ వైరస్ వెనామీ ఒక్కదానికే కాదు, రొయ్య, పీత జాతుల్లో చాలా వాటికి అంటుకుంటుంది. దాని సంగతి మీకంటే తెలిసినవాళ్లెవరు.

ప్రశ్న: హాస్టల్ వదిలి ఇంటికి తెచ్చుకున్న చిన్న ట్యాంకు. మే నెలలో నీళ్లు 33 డిగ్రీలకు పోతున్నాయి, ఏసీ లేదు. ఐస్ వేయనా? (హనుమకొండ, విద్యార్థి)

జవాబు: ఐస్ వద్దు బాబూ, పది నిమిషాల్లో నాలుగు డిగ్రీలు పడి గంటలో మళ్లీ ఎక్కితే 33 కంటే అదే ఎక్కువ దెబ్బ. మూత తీసేసి, నీళ్ల పైభాగం మీద గాలి తగిలేలా చిన్న క్లిప్ ఫ్యాన్ పెట్టు. ఆవిరి పోతూ రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గిస్తుంది, మీ వైపు ఎండ పొడిగా ఉంటుంది కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది, కాకినాడ, విశాఖ ఉక్కపోతలో అంత ఫలితం ఉండదు. ఆవిరైన మేరకు రోజూ ఆర్వో నీళ్లే పొయ్యి, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పులు లోపలే ఉండిపోతాయి, మళ్లీ బోరు నీళ్లు పోస్తే నెలలో టీడీఎస్ ఎక్కడికో వెళ్తుంది.

వేడిలో చంపేది సగం వరకు గాలి కొరతే. 25 డిగ్రీల నీళ్లు లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ పట్టుకుంటాయి, 33 దగ్గర 7 చిల్లరే, పైగా వేడిలో రొయ్యకు కావాల్సింది ఎక్కువ. ఎయిర్ స్టోన్ పెంచు, మేత సగానికి తగ్గించు, కరెంటు పోతే నడిచే బ్యాటరీ పంపు ఒకటి కొని పెట్టుకో. ట్యాంకును నేల మీదకు, పడమటి గోడకు దూరంగా దించు. 28 దాటకుండా ఉంటే పిల్లలు కూడా పెడతాయి.

ప్రశ్న: ఎరుపు, నీలం, పసుపు మూడూ అందంగా ఉంటాయని కలిపి వేశాను. ఇప్పుడు పుట్టేవన్నీ మట్టి రంగులో, గాజులా ఉన్నాయి. నాసిరకం ఇచ్చారా? (విశాఖపట్నం)

జవాబు: ఇచ్చినవాళ్ల తప్పు కాదండీ. ఆ మూడు రంగులూ ఒకే జాతి, నియోకారిడీనా. చైనా, తైవాన్ వాగుల్లో ఉండే అసలు రొయ్యది మీరు చూస్తున్న ఆ మట్టి రంగే, అందులోంచి కాస్త ఎర్రగా ఉన్నవాటిని ఏరి ఏరి తరాల తరబడి పెంచితే ఈ ఎరుపు వచ్చింది, మిగతా రంగులూ అలా ఏరి నిలబెట్టినవే. కలిపితే కొన్ని తరాల్లోనే తాత ముత్తాతల రంగుకు వెళ్లిపోతాయి. ఆ పిల్లలకు జబ్బేమీ లేదు, చక్కగా బతుకుతాయి, వాటిని వేరే తొట్టిలో పెట్టి ఒక్కో రంగుకు ఒక్కో ట్యాంకు చేయండి. ఏరేటప్పుడు మగవాటిని ఆడవాటితో పోల్చకండి, మగవి ఎప్పుడూ సన్నగా, చిన్నగా, లేత రంగులో ఉంటాయి, మగవాటిలో మంచిది మగవాటితో పోల్చి ఏరాలి.

ఎరుపు తెలుపు చారల క్రిస్టల్ రెడ్ గురించి కూడా అడిగారు. జపాన్‌లో హిసయాసు సుజుకి తన దగ్గరున్న నల్ల చారల బీ రకం రొయ్యల మధ్య ఎర్రది పుట్టడం చూసి, 1990లలో ఓపికగా నిలబెట్టిన రకం అది. జాతి వేరు, చెర్రీలతో కలవదు. దానికి ఖనిజాలు తక్కువున్న, కాస్త ఆమ్లపు నీళ్లు, 22 డిగ్రీల చల్లదనం కావాలి. విశాఖలో చిల్లర్ లేకుండా మొదలుపెట్టొద్దనే నా సలహా.

ప్రశ్న: ఐదు వారాలు ఇండియాకు వస్తున్నాం. ట్యాంకు పెట్టి రెండేళ్లయింది, 60 దాకా చెర్రీలున్నాయి. పక్కింటివాళ్లకు తాళాలిచ్చి మేత వేయమనాలా? (డాలస్, అమెరికా)

జవాబు: వేయించకండి. రెండేళ్ల ట్యాంకులో మాస్, నాచు, ఆకులు ఉంటే 60 రొయ్యలు ఐదు వారాలు సుఖంగా గడిపేస్తాయి. ప్రేమతో రోజూ చెంచాడు మేత వేసే పొరుగువాళ్లతోనే ప్రమాదం, మిగిలిన మేత కుళ్లి నీళ్లు పాడవుతాయి, ప్లనేరియా పురుగులూ పెరుగుతాయి. బయల్దేరే ముందు రెండు ఎండిన బాదం ఆకులు వేసి, మూత బిగించి, దీపం టైమర్‌కు ఆరు గంటలు పెట్టండి. ఒక క్యాన్‌లో ఆర్వో నీళ్లు ఉంచి, గాజు మీద గీత గీసి, అంతకంటే తగ్గితే అక్కడిదాకా మెల్లగా పోయమని చెప్పండి, అంతే పని. కుళాయి నీళ్లు పోయనివ్వకండి, అమెరికాలో చాలా నగరాల్లో నీళ్లలో క్రిములు చంపడానికి క్లోరమిన్ వాడతారు, క్లోరిన్‌లా ఒక రాత్రి బయట పెడితే పోయేది కాదది.

ప్రశ్న: బెట్టా చేపతో కలిపి ఉంచొచ్చా? (కర్నూలు)

జవాబు: పిల్లలు కావాలనుకుంటే వద్దు. నోట్లో పట్టేదాన్ని చేప తింటుంది, గప్పీ కూడా తింటుంది. ఓటో చేపలు మాత్రం నాచు గీక్కుంటూ వాటి పాటికి అవి ఉంటాయి.

ప్రశ్న: మా అబ్బాయి పంట కాలువలో చిన్న రొయ్యలు పట్టుకొచ్చి చెర్రీల ట్యాంకులో వేస్తానంటున్నాడు. వేయనివ్వాలా? చెర్రీలు ఎక్కువైతే కాలువలో వదలొచ్చా? (అమలాపురం)

జవాబు: రెండూ వద్దమ్మా. కాలువలో దొరికే వాటిలో చాలా వరకు నీలకంఠ రొయ్య కుటుంబానివి, ముందు కాళ్లకు పొడుగాటి పట్టకార్లు ఉంటాయి చూడండి, అవి చెర్రీలను పట్టి తినేస్తాయి. వాటితో పాటు తూనీగ పిల్లలు, పొలాల మందులు కూడా వస్తాయి. బాబుకు అంత ఇష్టముంటే వరండాలో వేరే తొట్టి పెట్టి ఇవ్వండి, అవి ఎలా వేటాడతాయో చూడటం కూడా బాగుంటుంది.

చెర్రీలను కాలువలో వదలడం మాత్రం ఎంత ఎక్కువైనా చేయకండి. ఇవి ఇక్కడివి కావు. జర్మనీలో వేడి నీళ్లు కలిసే ఒక వాగులో ఎవరో వదిలినవి అక్కడే స్థిరపడి పెరుగుతున్నాయి, అంత చలిదేశంలోనే అలా బతికాయంటే గోదావరి కాలువల్లో చెప్పనక్కర్లేదు. ఎక్కువైతే మేత తగ్గించండి, పిల్లలు పుట్టడం దానంతటదే నెమ్మదిస్తుంది. మిగిలినవి ఓ డబ్బాలో గుప్పెడు మాస్‌తో కలిపి అబ్బాయి స్నేహితుడికి ఇవ్వండి, ట్యాంకు పెట్టి నెల దాటిన స్నేహితుడికి.